శిశుపోషణము: పాత కారులో పసిబిడ్డ సీటు

గురజాల సోదరి యొకరు మాకిట్లు వ్రాసిరి. అమెరికాలోనున్న అన్నగారు ఐదు నెలల మేనకోడలికి కారు సీటు తెచ్చినారట. దాని కొక్కెములు తగిలించుటకు మామగారి పాత కారులో చోటెక్కడను కానరాలేదట. "తల్లి ఒడిని మించిన సీటున్నదా? అటకమీద పెట్టించుము" అని అత్తగారి తీర్పు.

ముందుగా అత్తగారి మాటకే ప్రత్యుత్తర మీయవలసియున్నది. మన యిండ్లలో పెద్దలందరు ననునది అదియే గదా. ఒడి లాలించుటకే గాని వేగము నాపుటకు చాలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన ఢీకొని నిలిచినపుడు లోనివారు ముందునకు పోవు వేగము, సుమారు 32 అడుగుల ఎత్తునుండి పడినవాడు నేల తాకు వేగముతో సమానము. మూడంతస్తుల మేడనుండి జారిన బిడ్డను చేతులతో పట్టి నిలుపగల తల్లి యెవరు? తల్లియు బిడ్డయు ఒకే బెల్టు చుట్టుకొనుట మరింత కీడు. తల్లి బరువంతయు బిడ్డపై పడును. పిడుగురాళ్ల సున్నపు లారీల నడుమ పోవునపుడు మన డ్రైవరు ఎంత నేర్పరియైనను, ఎదుటివాని నేర్పు మన చేతిలో లేదు. 2019వ సంవత్సరపు మోటారు వాహనముల సవరణ చట్టము, 14 ఏండ్ల లోపు పిల్లలను బెల్టుతోనైనను పిల్లల సీటుతోనైనను భద్రపరుపక తీసికొనిపోయినచో 1000 రూపాయలు జరిమానా విధించుచున్నది. ఈ మాట మామగారి చెవిని వేయుడు.

ఇక కొక్కెముల సంగతి. అమెరికాలో 2002 తరువాతి కార్లలో వెనుక సీటు సందున వీనికై ఇనుపకమ్ములుండును. మన పాత కార్లలో అవి యుండవు. అంతమాత్రమున సీటు వ్యర్థము కాదు; కారు బెల్టుతోను దానిని బిగింపవచ్చును. బెల్టు ఏ దారిని దూర్పవలెనో సీటుతో వచ్చిన పుస్తకములో బొమ్మ వేసి యుండును.

కావున మొదట చూడవలసినది సీటు గాదు, బెల్టు. మన కార్లలో అందమైన సీటు కవర్లు తొడిగి బెల్టులను వాని క్రింద పాతిపెట్టుట ఆచారమైపోయినది! కవరు తీసి చూడుడు. అంచులు చిరిగినను, ఎలుకలు కొరికినను మార్పింపవలెను. గట్టిగా గుంజినపుడు బెల్టు పట్టుకొనవలెను. భుజముమీదుగా వచ్చు బెల్టు ఉత్తమము. నడుముపట్టీ మాత్రమే యున్నచో, పుస్తకమున స్పష్టముగా అనుమతి యున్నప్పుడే ఉపయోగింపుడు. వెనుక బెల్టే లేని కారులో ఎంత ఖరీదు సీటైనను వట్టి కుర్చీయే.

అమెరికా సీటుతో మరియొక చిక్కు గలదు, దీనిని పలువురెరుగరు. ఆ దేశపు కార్ల బెల్టులు పిల్లల సీటును పట్టుకొనునట్లు బిగిసి నిలుచును. మన బెల్టులు సాధారణముగ కుదుపు వచ్చినపుడే పట్టును; తక్కిన వేళల వదులగును. ఇంటి ముంగిట బిగుతుగా నున్న సీటు రెంటచింతల చేరునప్పటికి కదలుచుండును. మీ బెల్టును తుదివరకు లాగి విడువుడు. లోనికి పోవుచు నడుమ ఆపి లాగినచో మరల రాకున్నచో అది బిగియు బెల్టు. సులభముగా వచ్చినచో, సీటునకే బెల్టును పట్టు బిగింపు గలదేమో చూడుడు. లేనియెడల అమెరికాలో బెల్టు నాలుక దగ్గర తగిలించు చిన్న లోహపు క్లిప్పు దొరకును, అన్నగారికి వ్రాయుడు.

అమర్చునపుడు పాప ముఖము కారు వెనుకభాగము వైపునకుండవలెను. పసివారి తల బరువు, మెడ లేత. ఢీకొన్నపుడు వీపు తల మెడలు మూడును సీటులో ఒదిగి, దెబ్బ అంతట పంచుకొనబడును. మోకాలితో సీటును అదిమి బెల్టు లాగుడు. బెల్టు దూరిన చోట పట్టుకొని ఊపినచో ఒక అంగుళమునకు మించి కదలరాదు. మరీ నిలువుగా నున్నచో పాప గడ్డము రొమ్మున కానుకొని ఊపిరి యాడదు. వాలు ఎంతయుండవలెనో సీటు ప్రక్కని గుర్తు చెప్పును. పాప భుజపట్టీలు రెండు వ్రేళ్లతో పట్టి మడత పెట్టుటకు రాకుండవలెను. దుప్పటి చుట్టి పట్టీలు వేయకుడు. పట్టీలు వేసి పైన కప్పుడు. ముందర గాలిసంచి గల సీటున ఇట్లు వెనుకకు త్రిప్పిన సీటు నెన్నడును ఉంచరాదు.

ఎండలో నిలిచిన కారులో బకిలు కాలి యుండును. పల్నాటి వేసవి సంగతి మీకు వేరుగ చెప్పనేల? ముందు మీ అరచేతితో తాకి చూడుడు. పాపను ఒక్క క్షణమైనను కారులో ఒంటరిగా విడువకుడు. కోటప్పకొండకో పుట్టింటికో పోవునపుడు దారిలో పాప ఏడ్చినచో, పట్టీలు విప్పి ఒడిలోనికి తీసికొనవలెనని అత్తగారు తొందర చేయుదురు. కారు నొక చెట్టునీడను నిలిపించి, అప్పుడు వారి చేతికే ఇండు. పాలు ద్రావి పాప కుదుటపడిన పిమ్మట మరల కట్టి బయలుదేరుడు.