అడవికి ఏ నెలలో పోవాలి?

సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాకెత్తుతుంటే నైరోబీ నుంచి మా అక్క బిడ్డ ఫోను చేసింది. "చిన్నమ్మా, ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మీరంతా రాండ్రి. సింహాలు, ఏనుగులు చూపిస్తా" అని పిలుపు. ఇక మా ఇంట్లో ఒకటే సంబురం. టికెట్ల డబ్బు సంగతి తర్వాత, ముందు ఏ నెలలో పోతే బాగుంటుందో తెలుసుకుందామని దాన్నే అడిగాను, నాలుగు పుస్తకాలూ తిరగేశాను. తేలిందేమిటో తెలుసా? మన పిల్లలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలలే అక్కడ పెద్ద వానల కాలం!

కెన్యా, టాంజానియాల్లో మార్చి నుంచి మే దాకా వానలు బాగా పడతాయి. మట్టిదారులు బురదై జీపులు దిగబడతాయి. గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. ఎక్కడ చూసినా నీళ్లే కనుక జంతువులు తలో దిక్కు పోతాయి. ఆ నెలల్లో బస ధరలు తగ్గేది కూడా అందుకే. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలుండవు. అప్పుడు మిగిలిన నీళ్ల దగ్గరికి అన్నీ చేరతాయి. గేదె మొహం, జింక కాళ్లు ఉండే వైల్డెబీస్ట్ అనే జంతువులు పది లక్షలకు పైగా గడ్డిని వెతుక్కుంటూ సెరెంగెటీ మైదానం నుంచి నడిచి, జూలై తర్వాత మారా నదిని దాటేది ఆ కాలంలోనే. వాటి దూడలను చూడాలంటే మాత్రం ఫిబ్రవరిలో సెరెంగెటీ దక్షిణపు దిక్కుకు పోవాలి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవికైతే మే నుంచి సెప్టెంబర్ దాకా మంచి కాలం. అది వాళ్లకు చలికాలం, వాన లేని కాలం కూడా.

కాబట్టి మీ పిల్లలో, తమ్ముళ్లో ఆ దేశాల్లో ఉండి రమ్మంటే, వేసవి సెలవులని కళ్లు మూసుకుని టికెట్లు కొనకండి. కెన్యా లాంటి దేశాలనుంచి తిరిగొచ్చేవారిని మన విమానాశ్రయాల్లో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. ఆ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఇదీ మరవకండి.

అందరికీ ఆఫ్రికా అందదు. ఆ మాటకొస్తే మాకూ ఇంకా అందలేదు. కానీ మన నల్లమల అందుతుంది కదా! కట్టంగూర్ నుంచి పొద్దున్నే బయల్దేరితే నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా మధ్యాహ్నానికల్లా మన్ననూర్‌లో ఉంటాం. 1983లో పులుల సంరక్షణ కోసం ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిలో మన తెలంగాణ వైపు భాగమే ఇప్పటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, గుడ్డేలుగు, రేచుకుక్కలు, దుప్పి, కణుజు, మనుబోతు, కొండముచ్చు అన్నీ ఉన్నాయి. నిజాం కాలంలో వేటకు పేరుపడ్డ ఫర్హాబాద్ దగ్గర ఇప్పుడు అటవీశాఖ వాళ్ల జీపుల్లో తిప్పి చూపిస్తారు.

ఈ అడవికి మేం మూడుసార్లు పోయాం. మొదటి రెండుసార్లూ నెల తప్పాం. ఆ కథ చెబితే మీకైనా పనికొస్తుంది.

మొదటిసారి శ్రావణమాసంలో బయల్దేరాం. వానలకు అడవి పచ్చగా ఉంటుందని నా ఊహ. తీరా పోతే గేటు మూసి ఉంది! పులుల అభయారణ్యాల్లో లోపలి ప్రాంతం జూలై నుంచి సెప్టెంబర్ దాకా చూడవచ్చేవారికి మూసే ఉంచుతారట. దారులు పాడవుతాయి, జీవాలకు జతకట్టే కాలం, పిల్లల్ని సాకే కాలం. బాలింత ఇంటికి చుట్టాలు గుంపుగా పోతారా? అడగకుండా పోయిన తప్పు మాదే. శ్రీశైలం పోయి మల్లన్న దర్శనం చేసుకుని వచ్చేశాం.

రెండోసారి మే నెల. పిల్లలకు సెలవులు. పైగా ఎండాకాలంలోనే జంతువులు బాగా కనబడతాయని అందరూ చెప్పారు. అది అబద్ధం కాదు. నల్లమల ఆకురాల్చే అడవి. టేకు, మోదుగ మోడై నిలబడతాయి కనుక చూపు దూరం పోతుంది. వాగులు ఎండుతాయి కనుక నీళ్లున్న చోటికే అన్నీ రావాలి. అటవీశాఖ వాళ్లు నేలకు సమంగా తాంబాళాల్లాంటి సిమెంటు తొట్లు కట్టి, ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు.

మా అత్తమ్మను కూడా తీసుకుపోయాం. చిన్నప్పటి నుంచి శ్రీశైలం బస్సులో ఆ అడవి గుండా ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. కిటికీలోంచి చూసి చూసి కళ్లు కాయలు కాచాయే గాని కోతులు తప్ప ఏమీ కనబడలేదని ఆమె బాధ. ఆ రోజు ఒక తొట్టి దగ్గర మా జీపు, వెనక ఇంకో రెండు జీపులు ఆగాయి. ఎదురుగా చెట్ల మొదట్లో దుప్పుల మంద. ఇరవై దాకా ఉంటాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు, ఫొటోలు తీస్తున్నారు. దుప్పులు రెండడుగులు ముందుకు వేస్తాయి, మళ్లీ వెనక్కి పోతాయి. నీళ్లు కనబడుతున్నాయి, తాగలేవు.

అప్పుడు అత్తమ్మ మెల్లగా అన్నది: "బండి తీయమను బిడ్డా. మన వాడకు ట్యాంకరొస్తే బిందె పట్టుకుని నిలబడే మనమే వాటిని ఆపితే ఎట్ల?" నాకు నోట మాట రాలేదు. మన నల్లగొండ ఆడవాళ్లకు నీళ్ల కోసం నిలబడడమంటే ఏమిటో ఒకరు చెప్పాల్నా?

ఎండ నలభై దాటింది. మధ్యాహ్నానికి అత్తమ్మకు కళ్లు తిరిగి వాంతులైనాయి. వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఆస్పత్రికి తీసుకుపోయాం. రెండు సెలైన్ సీసాలు ఎక్కాయి. ప్రాణం కుదుటపడ్డాక ఆమె అన్న మొదటి మాట, "నా వల్ల పిల్లల సంబురం చెడిపాయె." ఆమెను ఆ ఎండలో తిప్పిన నేను ఏమని చెప్పను? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండేళ్ల తర్వాత మాఘమాసంలో, ఫిబ్రవరి రెండో శనివారం చూసుకుని మూడోసారి పోయాం. పొద్దున చలి, పగలు చల్లటి ఎండ. ఆకు సగం రాలి, సగం ఉంది. మోదుగలు అప్పుడప్పుడే ఎర్రగా మొగ్గ విప్పుతున్నాయి. వాగు గుంతల్లో ఇంకా నీళ్లున్నాయి. ఒక మలుపులో జీపాయన ఇంజను ఆపాడు. నీళ్లలో మోకాళ్ల దాకా దిగి ఒక కణుజు నింపాదిగా తాగుతున్నది. మమ్మల్ని చూసింది. తల దించి మళ్లీ తాగింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, అది తాగి పోయేదాకా వదల్లేదు. పులి కనబడలేదు. ఆమెకు ఆ లోటే లేదు. "అది భయపడకుండ తాగింది, సాలు" అన్నది.

ఇప్పుడు నెలల లెక్క చెబుతాను, కాలెండర్ పక్కన పెట్టుకోండి. అక్టోబర్ నుంచి జనవరి దాకా అడవి పచ్చగా, పక్షులతో కళకళలాడుతుంది. మల్లెలతీర్థం జలపాతం చూడాలన్నా వానలు వెనకబడ్డ ఆ నెలలే మేలు. కానీ గడ్డి ఎత్తుగా ఉండి, నీళ్లు అంతటా ఉండి జంతువులు తక్కువగా కనబడతాయి. ఫిబ్రవరి, మార్చి మొదటి రోజులు అన్నిటికీ మధ్యస్తం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, దానికోసం గుడ్డేలుగు వస్తుంది. కానీ అవే నెలల్లో ఎండుటాకుకు నిప్పంటుకునే భయం కూడా ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. ఏప్రిల్, మేలో జంతువులు బాగా కనబడతాయి గాని పెద్దవాళ్లను, చంటిపిల్లలను తీసుకుపోకండి. పోయినవాళ్లు నీళ్ల దగ్గర జీపు దూరంగా ఆపించండి.

శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం దారి జనంతో నిండిపోతుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర. ఆ రోజులు భక్తికే గాని జంతువులు చూడడానికి కావు. మన్ననూర్ దాటి శ్రీశైలం పోయే దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు, ఆ లెక్కన బయల్దేరండి. గదులు, జీపు ముందే మాట్లాడుకోండి. వేకువజామున, సాయంత్రం తిరగండి, మధ్యాహ్నం పడుకోండి.

కట్టుకునేవి ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలైతే మంచిది. మెరిసే చీరలు, మల్లెపూలు, సెంటు వద్దు. తిండికి జొన్నరొట్టె, పల్లిపొడి, పులిహోర స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు లోపలికి తేనీయరు. కోతులకు ఏమీ వేయకండి. అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

నైరోబీకి కబురు పంపాను, "ఎండాకాలం వద్దు బిడ్డా, దసరా సెలవులకు చూద్దాం" అని. ఈలోగా మాఘం వస్తోంది. పిల్లల పరీక్షలు మొదలుకాకముందే ఒక శని, ఆదివారాలు ఖాళీ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ తీసుకుపోండి, వాళ్లకు ఎండ తగలని నెలలో.