పోచంపల్లి యాత్రను గూర్చి ఒక మనవి

మన సంఘ సభ్యులు ఈ యేడు వానకాలపు కోతలు ముగిసిన పిదప ఒక దినము విహారయాత్రకు పోవ తలపెట్టిరని విని సంతోషించితిని. అయితే మూడు దేవాలయములు, ఒక కోట, ఒక ఆనకట్ట, ఇన్నియు ఒక్క దినములోనే చూచి రాత్రికి అన్నోజిగూడ చేరవలెనను సూచన యొకటి వచ్చినదట. దానికి నేను సమ్మతింపజాలను. కొన్నియేండ్ల క్రిందట అట్టి యాత్రకు నేనును పోయితిని. తెల్లవారుజామున బస్సెక్కితిమి, అర్ధరాత్రి దిగితిమి. ఏమి చూచితివని ఇంటివారడుగగా, నా ముందు సీటులో కూర్చున్న పెద్దమనిషి తలపాగా తప్ప మరేదియు నాకు స్పష్టముగా జ్ఞప్తికి రాలేదు.

కావున నేను కోరునది ఒక్క యూరు. ఆ యూరు భూదాన్ పోచంపల్లి. ఘటకేసరు, బీబీనగరముల మీదుగా పోయిన 30 కిలోమీటర్లకు కొంచెము పైమాట. "ఇంత దగ్గరి యూరికి యాత్ర యేల? ఆ చీరలు నగరములోనే దొరకును గదా" యని కొందరనవచ్చును. నగరములో దొరకునది చీర మాత్రమే. మనము చూడవలసినది పని.

ఆ పని యెట్టిదో కొంత చెప్పెదను. మొదట పేక నూలును ఆసు పోయుదురు. ఒక కొన నొక మేకు, దాని కెదుట అర్ధచంద్రాకారముగా వరుస మేకులు నాటిన చట్టము ముందు కూర్చుండి, పోగును ఇటునుండి అటు, అటునుండి ఇటు త్రిప్పుచునే యుండవలెను. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడవలెను. ఈ పని తరతరములుగా స్త్రీలది. భుజపు నొప్పియు వారిదే. ఆలేరు ప్రాంతమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి బాధ చూడలేక యేండ్లతరబడి శ్రమించి ఈ పని చేయు యంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనెను. ఆయన బడి చదువు మధ్యలో మానినవాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మన యిండ్లలో కలుపు తీయు స్త్రీల నడుము నొప్పిని గూర్చి మనలో నెవడైన ఒక్క సాయంకాల మాలోచించెనా యని నాకు పలుమారులు తోచును.

ఆసు పోసిన నూలును చట్టమునకు బిగించి, పోవలసిన పూవును గుర్తు పెట్టుకొని, రంగు అంటరాని చోట్ల రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి అద్దుదురు. పిమ్మట కట్లు విప్పి, వేరొక చోట కట్టి, వేరొక రంగులో ముంచుదురు. అనగా నేయకముందే పూవు నూలులో నున్నది! మగ్గముమీద ఒక్కొక్క పోగు తన చోటికి తాను వచ్చి కూడినప్పుడే అది పూవై కనబడును; పోగు జరిగిన పూవు చెదరును. పడుగు పేకలు రెండిటిని ఇట్లే అద్ది నేయు పనితన మింకను కష్టము. దీనినే అక్కడివారు చిటికి యందురు, బయటివారు ఇక్కత్ అందురు.

ఈ పని కన్నులార చూచినవాడు మోసపోడు. పోచంపల్లి పూవులను మిల్లుబట్టపై అచ్చువేసి ఆ పేరనే అమ్మువారు కలరు. అచ్చు బట్టను తిరుగవేసి చూచిన రంగు వెలవెల పోవును. అసలు నేతలో రెండు ప్రక్కలను పూవు ఒక్క తీరుననే యుండి, అంచులు సన్నని ఈకవలె కొంచెము చెదరియుండును. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినను నకిలీ ఆగలేదు. నకిలీ విత్తనము వలన పంట పోగొట్టుకొనిన మనకు ఈ బాధ యొకరు వివరింప నక్కరలేదు.

ఇక ధర సంగతి. బేరమాడుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. కాని మార్కెట్టు యార్డులో దళారి మన ధాన్యమును గుప్పిట బట్టి చూచి, పెదవి విరిచి, "తాలు" యని ధర తగ్గించినప్పుడు మన కడుపు ఎట్లు మండునో తలచుకొని, ఆ నోటితోనే నేతగాని ఇంట కూర్చుండి "సగానికి ఇత్తువా" యని యడుగుట న్యాయమా? ఆ యూర నేతవారి సహకార సంఘమే కలదు. కొనదలచినవారు అచ్చటనే కొనవచ్చును. సంఘము సంఘమున కిచ్చు మర్యాద యది. కొననివారు కొననక్కరలేదు, ఊరక చూచుటకు వచ్చితిమని ముందే చెప్పుట మేలు.

ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెన్నుకొన్నది. సంతోషమే. కాని గుంట మగ్గమున్న గది మన పశువుల కొట్టమంత యుండదు. ముగ్గురు నిలిచిన నాలుగవవానికి చోటు లేదు. కావున 20 మందికి మించి పోరాదు. వారైనను చిన్న జట్లుగా విడిపోవలెను. నాడె యాడుచుండగా మాటలాడించరాదు. అడుగక ఫొటో తీయరాదు. పండుగ నాడు పోయిన మగ్గము లాగియుండును. ముసురు దినములలో గుంటలలోనికి నీరూరును. కోతలు ముగిసి, యాసంగి నాట్లు పడకముందు దొరకు వారము దినములే మనకును వారికిని అనుకూలము. స్త్రీ సభ్యులు సగమైన నుండవలెనని నా పట్టు. ఆసు పని చూచి ప్రశ్న లడుగదగినవారు వారే.

మధ్యాహ్నము వినోబా మందిరమునకు పోవలెను. 1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనము ముగిసిన పిదప వినోబాభావే కాలినడకన ఈ సీమకు వచ్చెను. భూమికై తెలంగాణమున నెత్తురు ప్రవహించిన దినములవి. ఏప్రిల్ 18వ తేదీని ఈ గ్రామమున హరిజనులు తమకు 80 ఎకరములు కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములిత్తుననెను. భూదానోద్యమము అచ్చట పుట్టినది. పిమ్మట దేశమున దానమైన భూములన్నియు పేదల చేతికి రాలేదనియు, అనేకములు వ్యాజ్యములలో చిక్కెననియు ఎరుగుదుము. దానిని దాచిపెట్టి యాత్రను పొగడుట నాకిష్టము లేదు. అయినను ఎకరములు గజములైపోయిన అన్నోజిగూడనుండి పోయి, ఒక మనుష్యుడు సభలో లేచి నూరు ఎకరములిత్తునన్న చోట కొంతసేపు కూర్చుండుట మనకు అవసరమని తోచుచున్నది. అమ్మినవారమును మనమే, అమ్మక మిగిలినవారమును మనమే గదా.

భువనగిరి కోటయు చూడవలెనని పట్టుబట్టువారు కలరు. ఆ కొండ యెక్కడికిని పోదు. దానికి వేరొక దినము.

ఖర్చు విషయమున సంఘపు నిధినుండి బస్సు బాడుగ మాత్రమే యీయవలెను. తక్కినది ఎవరిది వారు పెట్టుకొనుట న్యాయము. సద్దిమూట లింటినుండియే తెచ్చుకొందము. నా పేరు, మా యింటిదాని పేరు ఇప్పుడే వ్రాసికొనుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. ఇంక 18 స్థలములు మిగిలియున్నవి.