గాలిమర యజమానిది, గాలి ఎవరిది?



కోయంబత్తూరు చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లుల గేట్ల మీద ఈమధ్య ఒక కొత్త బోర్డు కనబడుతున్నది. పచ్చరంగు మీద తెల్లని అక్షరాలతో 'ఈ మిల్లు హరిత విద్యుత్తుతో నడుస్తున్నది' అని రాయిస్తున్నారు. విదేశాల నుంచి సరుకు కొనేవారు వచ్చినప్పుడు వారిని ముందు ఆ బోర్డు దగ్గరే నిలబెట్టి ఫొటో తీయిస్తున్నారు. మా సభ్యులున్న ఒక మిల్లులో ఆ బోర్డు పెట్టిన నెలలోనే వైండింగు డిపార్టుమెంటులో పదకొండుమంది పర్మనెంటు కార్మికులకు 'స్వచ్ఛంద' విరమణ కాగితాలు ఇచ్చారు. వారి మిషన్ల దగ్గర ఇప్పుడు హాస్టలులో ఉంచిన ఆడపిల్లలు నిలబడుతున్నారు. ఆ పిల్లలతో మనకు తగువు లేదు, వారూ మన ఇళ్ళ పిల్లలే. గాలి శుభ్రమైనదే. ఆ గాలితో తిరిగే కదురు దగ్గర జరిగేది శుభ్రంగా ఉన్నదా అని అడుగుతున్నాము.

ఈ మాట గేటు మీటింగులో అన్నప్పుడు కొందరు సోదరులు, "గాలిమర యజమాని డబ్బుతో పెట్టుకున్నాడు, మనకెందుకు?" అన్నారు. అది ఎవరి డబ్బో కాస్త నిదానంగా చూద్దాము.

1986లో తూత్తుకుడి దగ్గర తమిళనాడు విద్యుత్ బోర్డు మొదటి గాలిమరలు నిలిపింది. ఒక్కొక్కటి 55 కిలోవాట్లది. ఇక్కడ గాలి పనికొస్తుందా రాదా అని చూసింది ప్రభుత్వం, ఖర్చు భరించింది ప్రజలు. పనికొస్తుందని తేలాక యజమానులు వచ్చారు. 1992లో ఢిల్లీలో సంప్రదాయేతర ఇంధనాలకని ఒక మంత్రిత్వశాఖే పెట్టారు. గాలిమర పెట్టినవారికి మొదటి సంవత్సరంలోనే నూటికి నూరు శాతం తరుగుదల చూపుకోవచ్చని రాయితీ ఇచ్చారు. మన భాషలో చెప్పాలంటే, కోటి రూపాయలు పెట్టి గాలిమర కొన్న యజమాని ఆ కోటినీ ఆ ఏడు లాభంలోంచి కొట్టివేసి, మిగిలినదాని మీదే పన్ను కడతాడు. కంపెనీల పన్ను అప్పట్లో నూటికి నలభైకి పైమాటే. అంటే కోటి రూపాయల మిషనుకు మొదటి ఏడే నలభై లక్షలకు పైగా పన్ను తప్పింది. మిషనేమో ఇరవై ఏళ్ళు తిరుగుతుంది. ఆ నలభై లక్షలు ఖజానాకు రావలసినవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడు, దానం పుచ్చుకున్నవాడు దాత పేరు బోర్డు మీద తనదే రాయించుకున్నాడు.

ఇంకొక సంగతి. ఆ రాయితీ మిషను నిలబెట్టినందుకు గాని, కరెంటు పుట్టించినందుకు కాదు. మార్చి 31 లోపల లెక్క చూపాలి గనుక మార్చిలో హడావిడిగా గాలిమరలు లేచేవి. మార్చిలో గాలి ఎక్కడిది? ఆడి నెల గాలికి సన్నెకల్లు కూడా ఎగురుతుందని మన తమిళ ఇరుగుపొరుగువారు అంటారు. ఆదాయపు పన్ను వారి గాలి మాత్రం మార్చిలోనే వీస్తుంది. 1996లో లాభాలు చూపే కంపెనీలన్నీ కనీస పన్ను కట్టాలని చట్టం రాగానే గాలిమరల ఉత్సాహం చప్పబడిపోయింది. ఆరల్వాయిమొళి కనుమలో గాలి ఆ ఏడూ వీచింది. యూనిట్‌కు యాభై పైసల లెక్కన, పుట్టించిన కరెంటును బట్టి ప్రోత్సాహం ఇవ్వాలని ప్రభుత్వానికి తోచింది 2009 డిసెంబరులో.

పరిశ్రమను పెంచే తీరు ఇది కాదు. 2011–12లో దేశంలో సుమారు 3,200 మెగావాట్ల గాలిమరలు కొత్తగా వచ్చాయి. 2012 ఏప్రిల్లో రాయితీలు రెండూ తీసివేశారు. మరుసటి ఏడు 1,700కు పడిపోయింది. మళ్ళీ ఇచ్చారు, 2017లో మళ్ళీ తగ్గించారు, దానితోపాటు వేలంపాట పెట్టారు, మళ్ళీ పడిపోయింది. గాలిమర రెక్కలు, టవర్లు, గేరుపెట్టెలు మన దేశంలో తయారుచేయగలరు. ఆ కర్మాగారాల్లో ఆర్డరు లేని నెలలో మొదట ఇంటికి పోయేది ఎవరో మిల్లు కార్మికునికి వేరే చెప్పనక్కరలేదు. కాంట్రాక్టు మనిషికి రాయితీ లేదు, తరుగుదల మాత్రం ఉన్నది.

2012 మాట వచ్చింది గనుక ఆ ఏడు జ్ఞాపకం చేసుకుందాము. రోజుకు పది పన్నెండు గంటల కరెంటు కోత. షిఫ్టుకు వచ్చి గేటు బయట కూర్చుని, పని లేదని సగం కూలీతో వెళ్ళినవారం మనం. అప్పటికి తమిళనాడులో దాదాపు 7,000 మెగావాట్ల గాలిమరలున్నాయి, దేశంలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అయినా గాలి బలంగా ఉన్న రోజుల్లోనే, పుట్టిన కరెంటును మోసుకుపోయే తీగలు చాలక, గాలిమరలను ఆపమన్నారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు, పోయే యూనిట్లు ఎవరి ఖాతాలోనూ పడలేదు. మిషను కొనడానికి రాయితీ ఇచ్చిన ప్రణాళిక, ఆ మిషను నుంచి సబ్‌స్టేషనుదాకా తీగ లాగడం మరిచింది. ఇటువంటి కరెంటు కోసం ప్రత్యేకంగా లైన్లు వేసే పథకం రాష్ట్రాల్లో 2015లో గాని మొదలుకాలేదు.

యాజమాన్యాలు చెప్పేదాంట్లో నిజమూ ఉన్నది, దాచడం మాకు ఇష్టం లేదు. స్పిన్నింగు మిల్లులో పత్తి తరువాత పెద్ద ఖర్చు కరెంటుదే. ఆ కోతల ఏళ్ళలో స్వంత గాలిమరలున్న మిల్లులు మిగతావాటికన్నా తట్టుకున్నాయి. మా సభ్యుల ఉద్యోగాలు కొన్ని అలా నిలిచాయి. అందుకే గాలిమరలు వద్దని మేము ఎన్నడూ అనలేదు. మా తప్పు వేరు. వేతన ఒప్పందానికి కూర్చున్న ప్రతిసారీ యాజమాన్యం కరెంటు ఖర్చు చూపి డి.ఎ. తగ్గించమన్నది. గాలిమరల వల్ల ఆదా అయినదెంత అని మేము ఒక్కసారీ అడగలేదు. 1999లో మిల్లుల ఆధునికీకరణకు వడ్డీలో 5 శాతం ప్రభుత్వం భరించే పథకం వచ్చినప్పుడు కూడా ఇలాగే నోరు మూసుకున్నాము. ఆ డబ్బుతో వచ్చిన ఆటోకోనరు ముందు మన వైండింగు అక్కచెల్లెళ్ళ సంఖ్య ఎంతకు దిగిందో అందరికీ తెలుసు.

సౌర విద్యుత్తు కథ ఇంకా చేదు. మన దేశంలో మొదటి సోలార్ సెల్ తయారుచేసింది ప్రభుత్వరంగంలోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, 1977లో. అప్పటినుంచి పట్టుదలగా పెంచుకుని ఉంటే ఈనాడు మనం ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదు. 2010లో జాతీయ సౌర పథకం పెట్టి, స్వదేశీ సరుకు వాడాలన్నారు. పలచటి పొర రకానికి ఆ నిబంధన వర్తించదని సందు వదిలారు, ఆ సందులోంచి విదేశీ సరుకు వచ్చింది. మిగిలిన కాస్త నిబంధన మీదా అమెరికా 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది, 2016లో మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఈలోగా మార్కెట్టు చైనా సరుకుతో నిండిపోయింది. చైనా 2005లోనే గాలిమరల్లో 70 శాతం స్వదేశీ భాగాలుండాలని శాసించింది. 2009లో ఆ నిబంధన తీసేనాటికి దాని కంపెనీలు కాళ్ళమీద నిలబడ్డాయి. మన ప్రభుత్వం దిగుమతి పలకల మీద 40 శాతం సుంకం వేసింది 2022 ఏప్రిల్లో. అందుకు అయిదు నెలల ముందే ఆ మొదటి సెల్ చేసిన సంస్థను 210 కోట్లకు ప్రైవేటువారికి అమ్మడానికి ఖరారు చేసింది! ఉద్యోగుల సంఘం కోర్టుకెక్కింది. 2022లో ఆ అమ్మకం రద్దయింది. విత్తనం అమ్ముకుని పంటకు సబ్సిడీ ఇస్తానన్నట్టుంది ఈ విధానం.

కర్ణాటకలోని పావగడ మనకు పరాయి ఊరు కాదు, అనంతపురాన్ని ఆనుకుని తెలుగు మాట్లాడే తాలూకా. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019లో పూర్తయింది. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు మీద తీసుకున్నారు. వరుస కరువులు చూసిన రైతుకు అది మేలే, ఒప్పుకుంటాము. ఆ భూముల్లో కూలికి పోయినవారికి, గొర్రెలు మేపుకున్నవారికి కౌలు ఎవరిస్తారు? పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం, అవీ కాంట్రాక్టరు కింద. దొరికినవారికి దొరికాయి, తక్కినవారు బెంగుళూరు బస్సెక్కారు.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు తవ్వుతున్నామంటే, 2024లో తమిళనాడు ప్రభుత్వం పాత గాలిమరలు తీసి పెద్దవి పెట్టడానికి విధానం ప్రకటించింది. 1990లలో లేచిన చిన్న మిషన్లు దిగిపోతాయి. కేంద్రమేమో 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసు కాని విద్యుత్తు 5 లక్షల మెగావాట్లకు చేరాలంటున్నది. అంటే రాయితీల రెండో వాన మొదలవుతున్నది. మొదటి వానలో మనం గొడుగు కూడా తెరవలేదు.

కాబట్టి ఈసారి కోర్కెల పత్రంలో డి.ఎ., బోనసుల తరువాత మూడో అంశంగా దీన్ని చేర్చాము. ఏ మిల్లు గాలిమరకైనా, సోలారుకైనా ప్రభుత్వ రాయితీ పొందితే ఏడాదికి ఎన్ని యూనిట్లు పుట్టాయో, ఎంత ఆదా అయిందో వేతన చర్చల బల్ల మీద పెట్టాలి. ఆ ఆదాలో భాగం వేతనంలో కలవాలి. రాయితీ పుచ్చుకున్న యాజమాన్యం ఆ కాలంలో పర్మనెంటు ఉద్యోగాలు తగ్గించకూడదు. కొత్త గాలిమరల మరమ్మతు పనికి మన పిల్లలకు ఐ.టి.ఐ.లలో శిక్షణ ఇచ్చి, కాంట్రాక్టరు ద్వారా కాకుండా నేరుగా తీసుకోవాలి. తయారీ విషయంలో ప్రభుత్వరంగం పక్కకు తప్పుకోరాదని కేంద్రానికి వేరే వినతిపత్రం పంపుతున్నాము.

షోలాపూరు మరమగ్గాల మిత్రులు తమకు గాలిమరలు లేవనీ, కరెంటు బిల్లు మాత్రం ఉన్నదనీ రాశారు. వారి సవరణ కూడా చేర్చాము. ముసాయిదా అన్ని శాఖలకూ పంపాము, అభ్యంతరాలు ఈ నెలాఖరులోగా అందాలి. ఈలోగా ప్రతి మిల్లు కమిటీ ఒక చిన్న పని చెయ్యాలి. మీ యాజమాన్యానికి గాలిమరలు ఎక్కడ ఉన్నాయి, ఎన్ని, ఏ సంవత్సరంలో పెట్టారు, విచారించి రాసి పంపండి. ఎలక్ట్రికల్ డిపార్టుమెంటు సోదరులకు ఆ లెక్క తెలిసే ఉంటుంది.