స్టెనో బ్రీఫ్‌లు పంచుకోండి, డిక్షనరీ మొత్తం దింపేసుకోకండి

మెకానికల్ కీబోర్డ్ మీద నిమిషానికి 100 పదాలు కొడితే చాలు, మనం స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టేస్తాం. అమెరికాలో కోర్టు రిపోర్టర్‌కి ఆర్‌పీఆర్ సర్టిఫికెట్ రావాలంటే సాక్షి విచారణ టెస్టులో నిమిషానికి 225 పదాలు, 95 శాతం కచ్చితత్వంతో రాయాలి.

వాళ్లు వాడేది స్టెనోటైప్ మెషీన్. 22 కీలు, పైన ఒక నంబర్ బార్, అంతే. నాలుగైదు కీలు ఒకేసారి నొక్కుతారు, అదొక స్ట్రోక్. ఎడమ చేతికి మొదటి హల్లులు, బొటనవేళ్లకి అచ్చులు, కుడి చేతికి చివరి హల్లులు. ఎడమవైపు డి కీ లేదు. టి, కె కలిపి నొక్కితే అదే డి. గుణింతాలు దిద్దిన మనకి ఈ లాజిక్ తొందరగా ఎక్కుతుందని నా ఫీలింగ్.

అయినా ప్రతి పదాన్నీ సౌండ్ ప్రకారం కొడుతూ కూర్చుంటే 225 అందదు. అందుకే బ్రీఫ్‌లు. 'లేడీస్ అండ్ జెంటిల్‌మెన్ ఆఫ్ ది జ్యూరీ' అన్నంత పొడుగు మాట ఒక్క స్ట్రోక్‌లో అయిపోతుంది. రిపోర్టర్లు ఇవి ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. మంచి బ్రీఫ్ దాచుకుంటే ఎవరికి లాభం?

కానీ వేరేవాళ్ల డిక్షనరీ మొత్తం దింపేసుకోవడం నాకు నచ్చదు. మీరు 'డిఫెండెంట్'కి వాడే స్ట్రోక్ అవతలివాళ్ల ఫైల్లో 'డిఫికల్ట్' కావచ్చు. ప్లోవర్ అనే ఓపెన్ సోర్స్ స్టెనో సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్రయారిటీ ఉంది కదా, మన డిక్షనరీ పైన పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. సగమే కరెక్ట్. ఒకే స్ట్రోక్‌కి రెండు అర్థాలుంటే పైనున్నదే గెలుస్తుంది. కానీ ప్లోవర్ ముందు పొడవైన మ్యాచ్ వెతుకుతుంది. మీరు పక్కపక్కన కొట్టిన రెండు పదాలు, అడుగున ఉన్న ఫైల్లో రెండు స్ట్రోకుల ఎంట్రీగా ఉంటే, స్క్రీన్ మీద ఆ మూడో పదమే వస్తుంది. కోడ్‌లో డిపెండెన్సీ కాన్‌ఫ్లిక్ట్ అయితే బిల్డ్ ఫెయిలై మనకి తెలుస్తుంది. ఇక్కడ ఎర్రర్ ఉండదు, తప్పు పదం హాయిగా కూర్చుంటుంది.

అది కోర్టు రికార్డులో కూర్చుంటే? అప్పీల్ కోర్టు సాక్షిని మళ్లీ పిలిచి అడగదు, ఆ ట్రాన్‌స్క్రిప్టే చదువుతుంది. రిపోర్టర్లు తర్వాత ప్రూఫ్ చూసుకుంటారు, నిజమే. కానీ వినికిడి లేని స్టూడెంట్‌కి క్లాసులో లైవ్ క్యాప్షన్ రాసేవాళ్లకి ఆ 'తర్వాత' ఉండదు.

ప్లోవర్‌ని 2010లో మొదలుపెట్టిన మీరాబాయి నైట్ అలాంటి క్యాప్షనరే. ప్రొఫెషనల్ మెషీన్, సాఫ్ట్‌వేర్ వేల డాలర్లుండే ఫీల్డ్‌లో ఫ్రీగా ఇచ్చారు. అందులో లక్షకు పైగా ఎంట్రీలున్న డిక్షనరీ ముందే వస్తుంది. కొత్తవాళ్లకి అదొక్కటి చాలు. ఆపైన ఒక్కో బ్రీఫ్ అడిగి తెలుసుకోండి, మీ ఫైల్లో ఆ స్ట్రోక్ ఖాళీగా ఉందో లేదో చూసి చేర్చుకోండి. సజెషన్స్ విండో తెరిచి పెట్టుకుంటే మీరు రాసిన మాటకి పొట్టి స్ట్రోక్ ఉందో లేదో అదే చూపిస్తుంది.

ట్రై చేయడానికి మెషీన్ అక్కర్లేదు. కీబోర్డ్‌కి ఎన్-కీ రోలోవర్ ఉంటే చాలు. బాక్స్ మీద రాశారని నమ్మేయకండి, పది వేళ్లూ ఒకేసారి నొక్కి చూశాకే డబ్బులివ్వండి.