తోడు ఎరిగిన మూగజీవులు

సింహాద్రి అప్పన్నకు కోడెదూడను మొక్కుకోవడం ఉత్తరాంధ్ర రైతు కుటుంబాలలో తరతరాల ఆచారం. ఆ భక్తి వందనీయం. అయితే తల్లిపాలు మరువని పసిదూడను కొండకు చేర్చినప్పుడు, ఇంట మిగిలిన ఆవు అంబారవాన్ని మనం ఆలకిస్తున్నామా?

పశువులకు బంధం తెలుసునని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. అనంతామాత్యుని ‘భోజరాజీయము’లోని ఆవు, బిడ్డకు పాలిచ్చి వస్తానని పులిని వేడుకొని, మాట తప్పక తిరిగి వచ్చింది. నేటి శాస్త్రమూ ఆ బంధాన్నే ధ్రువపరుస్తున్నది. గొర్రెలు 50 సాటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుంచుకోగలవని 2001లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అలవాటైన తోడు చెంత ఉంటే ఆవులలో కలవరం తగ్గుతుందనీ పరిశోధనలు తెలిపాయి.

కనుక భక్తులారా! దూడ పాలు మరచి, మేతకు అలవాటు పడిన తరువాతనే మొక్కు చెల్లించండి. కలిసి పెరిగిన జతను విడదీసి అమ్మకండి. పశువును తోడు లేకుండా ఒంటరిగా కట్టివేయకండి. కనుమనాటి పసుపు కుంకుమలకు ఏడాది పొడవునా చూపే ఈ దయ తోడైనప్పుడే గోపూజ సంపూర్ణం. మొక్కు కొన్ని నెలలు ఆలస్యమైతే అప్పన్న కోపించడు. తల్లిని ఏడిపించి తెచ్చిన కానుకకు మాత్రం ఎలా సంతోషిస్తాడు?