చక్రం కంటే ముందు కుర్చీ

నడిచే బండికి చక్రాలు ముఖ్యం. మరి నడవని బండికి ఏది ముఖ్యం?

ఇది పొడుపుకథ కాదు. కంప్యూటరు ముందు కూర్చుని, చేతిలో స్టీరింగు చక్రం, కాళ్ల దగ్గర పెడళ్లు పెట్టుకుని, తెర మీద కారు పందెం నడిపే ఆటను మీలో కొందరు చూసే ఉంటారు. దీన్ని సిమ్ రేసింగ్ అంటారు. సిమ్ అంటే సిమ్యులేషన్ అనే మాటకు పొట్టిరూపం. ఒకదాన్ని అచ్చం అలాగే అనుకరించి చూపడమని దాని అర్థం. ఈ ఆటలో కారు ఒక్క అంగుళం కూడా కదలదు. అది కదలకపోతే చాలదు, మరో రెండు కూడా కదలకూడదు. ఒకటి చక్రాన్ని మోసే స్టాండు, రెండోది మిమ్మల్ని మోసే కుర్చీ. చిక్కల్లా ఏమిటంటే, కదలకూడని ఈ రెండే ఆట మొదలు కాగానే కదలడం మొదలుపెడతాయి!

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ దారిలో ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన పందెం రద్దయింది. కాని ఒకసారి చూసిన పిల్లల మనసులో ఆ కార్లు పరుగెత్తుతూనే ఉంటాయి గదా! నిజమైన పందెపు కారు అందరికీ అందదు. ఇంట్లో పెట్టుకునే చక్రం కొందరికైనా అందుతుంది. అందుకే “ఏ స్టాండు కొనాలి? ఏ సీటు కొనాలి?” అని పిల్లలు అడుగుతున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చక్రం కోసం అమ్మానాన్నలను డబ్బు అడిగే ముందు కుర్చీ సంగతి, స్టాండు సంగతి చూడండి. ఆ రెండూ బొమ్మ చూసి కొనవలసిన వస్తువులు కావు. లెక్క వేసి చేయించుకోవలసిన వస్తువులు. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ లాంటి ఊళ్లో ఆ పని పట్నంలో కంటే తేలిక. ఎందుకో చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర. కదలని బండిలో కూర్చుని నడపడం నేర్చుకోవడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు 1929లో విమానం నడపడం నేర్పే యంత్రాన్ని తయారుచేశాడు. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్లు అనే వాద్యాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్ గాలితో పలికే వాద్యం. దానికి వాడే తోలుతిత్తులనే లింక్ తీసుకుని, ఒక చెక్కపెట్టె కింద అమర్చాడు. తిత్తుల్లో గాలి పెరిగినా తగ్గినా పెట్టె అటూ ఇటూ ఒరిగేది. లోపల కూర్చున్నవాడికి విమానం ఒరిగినట్టే ఉండేది. మొదట్లో చాలామంది దాన్ని తిరునాళ్లలో పెట్టే ఆటవస్తువు అనుకున్నారు. 1934లో టపా మోసే విమానాలు మంచులో, చీకటిలో వరుసగా కూలిపోయిన తరువాత అమెరికా సైన్యం 6 యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లక్షలమంది విమాన చోదకులు అటువంటి పెట్టెల్లోనే పాఠాలు నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. లింక్ కొత్త సామాను కోసం ఎక్కడికీ పోలేదు. తన ఇంటి పనిలో దొరికే తిత్తులనూ చెక్కనూ వాడుకున్నాడు. ఆ తెలివి మనకూ కావాలి.

ఇప్పుడు స్టాండు దగ్గరకు వద్దాం. ఆటలో వాడే చక్రంలో ఒక మోటారు ఉంటుంది. తెర మీద కారు మలుపు తిరిగినప్పుడు ఆ మోటారు మీ చేతులకు ఎదురు తిరుగుతుంది. చౌక రకాల్లో ఈ తిప్పే బలం సుమారు 2 న్యూటన్ మీటర్లు. మోటారు ఇరుసుకే చక్రాన్ని బిగించిన డైరెక్ట్ డ్రైవ్ రకాల్లో 5 నుంచి 8, పెద్దవాటిలో 20 దాటి కూడా ఉంటుంది. మోటారు ఒకవైపు తిప్పితే మీరు రెండోవైపు పట్టి ఆపుతారు. ఆ తిప్పుడంతా చివరికి స్టాండు కాళ్ల మీద పడుతుంది. స్టాండు ఒకవైపు కాలు లేపి ఒరగాలని చూస్తుంది.

లెక్క చూడండి. స్టాండు, చక్రం కలిసి 4 కిలోలు అనుకుందాం. అంటే బరువు దాదాపు 40 న్యూటన్లు. కాళ్ల మధ్య వెడల్పు 30 సెంటీమీటర్లయితే, మధ్య నుంచి అంచుకు 15 సెంటీమీటర్లు, అంటే 0.15 మీటరు. 40ని 0.15తో గుణిస్తే 6. చక్రం 8 న్యూటన్ మీటర్లతో తిప్పితే ఈ స్టాండు ఒరుగుతుంది. అదే బరువుతో కాళ్లను 60 సెంటీమీటర్ల వెడల్పు చేయించండి. 40ని 0.30తో గుణిస్తే 12. ఇప్పుడు ఒరగదు. ఒక్క కిలో ఇనుము కూడా ఎక్కువ కొనలేదు, కాళ్లను దూరంగా పెట్టామంతే. బిగింపు ఎప్పుడూ లెక్కకు రెండింతలు ఉండేలా చూసుకోవాలి. ఎందుకంటే మోటారు కుదుపులు ఒక్కసారిగా వస్తాయి.

శ్రీరంగాపూర్ పిల్లలకు ఇది కొత్త పాఠం కాదు. రంగనాయకస్వామి రథోత్సవంలో రథాన్ని చూడండి. అంత ఎత్తు, అన్ని అలంకారాలు, వందలమంది లాగుడు! అయినా ఒరిగిపోదు. అడుగు వెడల్పుగా ఉంటుంది, బరువంతా కిందనే ఉంటుంది. పైన కనిపించేది చాలావరకు వెదురు, గుడ్డ, పూలు. రథం చేసిన వడ్రంగులకు గురుత్వకేంద్రం అనే మాట తెలియకపోవచ్చు. ఆ సంగతి మాత్రం బాగా తెలుసు. అంగడిలో అమ్మే స్టాండుల్లో సన్నగా, ఎత్తుగా, నల్లరంగుతో మెరిసేవి కొన్ని ఉంటాయి. వాటిని చూసినప్పుడు రథాన్ని గుర్తు చేసుకోండి.

చక్రం సంగతి అయింది. అసలు గొడవ బ్రేకుతో వస్తుంది.

పందెపు కారులో బ్రేకును తేలిగ్గా తాకితే పనికాదు. ఫార్ములా వన్ చోదకులు 100 కిలోల బరువు మోపినంత గట్టిగా నొక్కుతారు. ఆటలోనూ మంచి పెడళ్లకు లోడ్ సెల్ అనే పరికరం ఉంటుంది. పెడలు ఎంత దూరం కదిలిందని కాకుండా, మీరు ఎంత బలంతో నొక్కారని అది కొలుస్తుంది. ప్రతి మలుపు దగ్గరా అంతే బలంతో నొక్కగలిగినవాడే ఆటలో నిలుస్తాడు. పిల్లలు 20 కిలోల బరువంత, అంటే 200 న్యూటన్ల బలంతో నొక్కుతారనుకుందాం.

మీ ఇంట్లో నేల షాబాదు బండలదైతే అది నున్నగా ఉంటుంది. ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. స్టాండు, చక్రం, పెడళ్లు అన్నీ కలిసి 13 కిలోలైతే, నేల పట్టి ఉంచగలిగేది 130లో 0.4 వంతు, అంటే 52 న్యూటన్లు. మీరు తోసేది 200! పెడళ్లు గోడ దాకా జారిపోతాయి. మరి కుర్చీ? మీరు పెడలును ముందుకు తోస్తే, పెడలు మిమ్మల్ని అంతే బలంతో వెనక్కు తోస్తుంది. న్యూటన్ మూడవ నియమం ఎవరినీ వదలదు. మీరు 45 కిలోలు, కుర్చీ 10 కిలోలు అయితే, నాలుగు కాళ్ల కుర్చీకి 220 న్యూటన్ల దాకా పట్టు ఉంటుంది. అంటే అంతంతమాత్రం. అదే ఆఫీసుల్లో వాడే చక్రాల కుర్చీ అయితే చెప్పనక్కరలేదు, బ్రేకు నొక్కగానే మీరే వెనక్కు ప్రయాణం కడతారు.

“అయితే బాగా బరువైన స్టాండు కొంటే సరిపోతుంది” అని చాలామంది అంటారు. ఇక్కడే నాకు అభ్యంతరం. 200 న్యూటన్లను బరువుతోనే ఆపాలంటే, అదే లెక్కన, 50 కిలోల స్టాండు కావాలి. దాన్ని సాయంత్రం తీసి, పొద్దున పెట్టేదెవరు? చాలా ఇళ్లలో చదువుకునే గది, పడుకునే గది, అన్నం తినే గది అన్నీ ఒకటే గదా!

బరువు అక్కరలేదు, బంధం కావాలి. కుర్చీని వెనక్కు తోసే బలమూ, పెడళ్లను ముందుకు తోసే బలమూ సరిగ్గా సమానం, సరిగ్గా ఎదురెదురు. రెండింటినీ కలిపి కట్టేస్తే అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నేల మీద భారమే పడదు. వేలకు వేలు పోసి కొనే సీటుతో కూడిన పెద్ద చట్రాలు చేసేది ఇదే. వాటి రహస్యం ఇనుము బరువులో లేదు, సీటూ పెడళ్లూ ఒకే చట్రానికి బిగించి ఉండడంలో ఉంది. ఆ పని మంచానికి అల్లే నవారు పట్టీ కూడా చేస్తుంది. పాతదైనా గట్టి పట్టీని కుర్చీ ముందు కాళ్లకూ పెడళ్ల చట్రానికీ రెండు పక్కలా బిగించి కట్టండి. ఒక జాగ్రత్త. పట్టీ నేలకు ఆనుకుని కాక, మీ పాదం నొక్కే ఎత్తులోనే ఉండాలి. లేకపోతే పెడళ్ల చట్రం ముందుకు తలకిందులు కావాలని చూస్తుంది.

ఇక కుర్చీ ఎంపిక. పందెపు కారు సీటులా కనిపించే రంగురంగుల కుర్చీలు వస్తున్నాయి. వాటిలో చాలావాటికి కింద చక్రాలుంటాయి! పందెపు కారు ఆకారం ఉంది, పందెపు కారు గుణం లేదు. దానికంటే ఇంట్లోని నాలుగు కాళ్ల చెక్క కుర్చీ నయం. పాత కార్ల సామాను అమ్మే చోట దొరికే ముందు సీటు ఇంకా నయం. ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు దానికే ఉంటాయి. కూర్చున్నాక రెండు పరీక్షలు చేయండి. వీపు పూర్తిగా ఆన్చి, చెయ్యి చాచితే మణికట్టు చక్రం పైఅంచు మీద ఆనాలి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే గంటసేపట్లో నడుమూ మెడా నొప్పి పెడతాయి. నొప్పి పెట్టే సీటు ఎంత ఖరీదైనా చెడ్డదే.

మరో మాట. మీరు ఎదిగే పిల్లలు. ఈ ఏడు సరిపోయిన కొలత వచ్చే ఏడు సరిపోదు. పెద్దవాళ్ల కోసం కర్మాగారంలో చేసిన స్టాండు మీ ఎత్తు ఎరగదు. ఊళ్లోని వడ్రంగి, వెల్డింగు పనివారు మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కొలత తీస్తారు. చట్రానికి అంగుళానికొక రంధ్రం పెట్టించి మరలు బిగించమనండి. ఏటా ఒక రంధ్రం జరుపుకుంటే చాలు. నాగళ్లూ ట్రాక్టరు ట్రాలీలూ బాగుచేసే చేతులకు ఇది పెద్ద పని కాదు. వనపర్తి రాజప్రాసాదంలో 1959లోనే పాలిటెక్నిక్ మొదలైంది. చేతిపనినీ చదువునూ కలిపి నేర్చుకున్న ప్రాంతం మనది. కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు రాసి పనివారి దగ్గరకు వెళ్లండి. ఆ బొమ్మ గీసిన రోజే మీరు వాడుకరి నుంచి ఇంజనీరు వైపు ఒక అడుగు వేసినట్టు.

కొందరు పెద్దలు “ఆటకు ఇంత హంగామా ఎందుకు?” అనవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పు చేసి కొనవలసిన వస్తువు కాదిది. చదువుకు కేటాయించిన డబ్బు దీనికి పెట్టరాదు. కాని బలమూ ఘర్షణా ఇంటి నేల మీదనే కొలిచి చూపించే ఆటను వట్టి కాలక్షేపం అనలేం. జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ యువకుడు 2011లో ఇలాంటి ఆటపోటీలో గెలిచి, శిక్షణ పొంది, 2013లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో నిజమైన కారు నడిపాడు. అయితే అతన్ని ఆట నుంచి నేరుగా కారులోకి ఎక్కించలేదు. మధ్యలో నెలల తరబడి శిక్షణ ఉంది.

ఆ మధ్య భాగాన్ని మరిచిపోకండి. తెర మీద కారు గోడకు గుద్దుకుంటే ఒక బొత్తాం నొక్కితే మళ్లీ మొదలవుతుంది. పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ బొత్తాం లేదు. అక్కడ ఎదురుగా లారీలుంటాయి, రోడ్డు దాటే పశువులుంటాయి, మనుషులుంటారు. కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలన్న చట్టం అందుకే ఉంది. కదలని కుర్చీలో ఎంత నేర్చినా, కదిలే కారు వేరు.

చివరగా ఒక పని చెబుతాను. కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు ఒకటి సంపాదించండి. కుర్చీలో తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టి, కుర్చీ కాలికి కొక్కెం తగిలించి మెల్లగా లాగండి. కుర్చీ జరగబోయే క్షణంలో త్రాసు ఎన్ని కిలోలు చూపిందో రాసుకోండి. దాన్ని కుర్చీ, మనిషి కలిసిన బరువుతో భాగించండి. అదే మీ ఇంటి నేల ఘర్షణ గుణకం. గోనెపట్టా పరిచి మళ్లీ చూడండి, రబ్బరు చాప వేసి మళ్లీ చూడండి. ఈ మూడు అంకెలూ మీ నోటుబుక్కులో ఉంటే, ఏ స్టాండు మంచిదో మిమ్మల్ని ఎవరూ మోసం చేసి చెప్పలేరు.