డ్యూటీ మారే మనుషులు ఎప్పుడొస్తారు?

ఎస్టోనియా దర్శకుడు తానెల్ తూమ్ తీసిన ‘లాస్ట్ సెంటినెల్’ 2023లో వచ్చింది. కథ 2063లో జరుగుతుంది. నేల చాలావరకు సముద్రం పాలై, మిగిలిన రెండు ఖండాలు యుద్ధంలో ఉన్నాయి. నడిసముద్రంలో తుప్పు పట్టిన స్థావరం, అందులో నలుగురు సైనికులు. గడువు దాటినా డ్యూటీ మార్చాల్సిన వాళ్లు రాలేదు. తుపాకీ మోతల కోసం కూర్చున్నవాళ్లకు ఈ సినిమా నచ్చదు. నత్తనడకని విసుక్కుని మా తమ్ముడు సగంలోనే లేచిపోయాడు. నేను మాత్రం కదల్లేకపోయాను. శత్రువు ఎప్పుడొస్తాడా అన్న భయాన్ని మించి, పంపినవాళ్లకు మనం గుర్తున్నామా అన్న అనుమానం ఆ నలుగురినీ లోపల్నుంచి తినేస్తూ ఉంటుంది.

చూసినంతసేపూ వాళ్లతోపాటు స్థావరంలోనే ఉన్నాననుకున్నాను. లైటు వేశాక తెలిసింది, నేనున్నది ఒడ్డున, వాళ్లను పంపినవాళ్ల వైపు. మనందరం అక్కడే ఉన్నాం.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు బ్యాంకు ముందు లైన్లో ఎవరైనా విసుక్కుంటే చాలు, ‘సియాచిన్‌లో జవాన్లు నిలబడట్లేదా, నువ్వు రెండు గంటలు నిలబడలేవా’ అని పక్కవాడు తగులుకునేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నవాణ్నే. అదే ఏడాది ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తునున్న సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడింది. పదిమంది సైనికులు దాని కింద ఉండిపోయారు. రోజుల తరబడి తవ్వితే ఒక్కరు ప్రాణాలతో దొరికారు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో ఆయనా కన్నుమూశారు. ఆ పదిమందిలో ఒకరిది మన అప్పటి కర్నూలు జిల్లా. తొమ్మిది నెలలు తిరిగేసరికి లైన్లో నిలబడి సియాచిన్ పేరెత్తిన మనలో ఎంతమందికి ఆయన గుర్తొచ్చాడు?

అక్కడి జవాన్ల బూట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. సియాచిన్‌లో 2003 నవంబరు నుంచి కాల్పుల విరమణ ఉంది. ఇప్పుడక్కడ ప్రాణం తీసేది చలి, హిమపాతం, ఊపిరికి చాలని గాలి. కాలికి పట్టిన చెమట కూడా గడ్డకడుతుంది. రక్తం ఆడక వేళ్లు నల్లబడితే చివరికి కోసెయ్యాల్సిందే. మంచు మీద పడ్డ ఎండ తిరిగి కళ్లలోకే కొడుతుంది, అద్దాలు లేకుంటే గంటల్లో చూపు మసకబారుతుంది. అలాంటి చోట 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు కొనలేదనీ, పాతవే బాగుచేసి వాడుకోవాల్సి వచ్చిందనీ ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ తేల్చింది. మంచు అద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని కూడా రాసింది. ఆ నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. అవి పాత లెక్కలనీ, కొరత తీరిందనీ సైన్యం చెప్పింది. నిజమే అయి ఉండొచ్చు. నా బాధ మనతోనే. మనం లైన్లో వాళ్ల పేరు చెప్పి ఒకరి నోరు ఒకరం మూయించడానికి కాస్త ముందుదాకా బూట్ల సంగతి ఇదీ. నివేదిక వచ్చాకైనా, మా ఎంపీని ఒక్క మాట అడుగుదామన్న ఆలోచన మా వీధిలో ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు.

జవానును పొగడ్డం తేలిక. పొగిడితే బాకీ తీరిపోయినట్టుంటుంది, అందుకే అంత గట్టిగా పొగుడుతాం. 1984 మేలో సియాచిన్‌లో హిమపాతంలో చిక్కుకుపోయిన కుమావూన్ రెజిమెంట్ జవాను ఒకరి శరీరం 2022 ఆగస్టులో, 38 ఏళ్లకు దొరికింది. లోహపు బిళ్ల మీది నంబరును బట్టి గుర్తుపట్టారు. అన్నేళ్లూ ఆయన ఇంటివాళ్లు ఎదురుచూశారు. మనకు మాత్రం ఆ వార్త ఒక్క పూట ఫార్వర్డ్ అయింది.

కాబట్టి ఇకమీదట ఇంకొకడి నోరు మూయించడానికి సైనికుణ్ని అడ్డం పెట్టుకోవడం మానేద్దాం. ఓటడగడానికి వచ్చినవాణ్ని రోడ్డూ పింఛనుతోపాటు ఆ కాగ్ నివేదిక ఏమైందనీ అడుగుదాం. దండ వేసిన జవాను ఫొటో ఉన్న ఇంటివాళ్ల పింఛను కాగితాలు ఏ ఆఫీసులో ఆగాయో కనుక్కుని, వాళ్లతో కలిసి ఆ ఆఫీసు మెట్లెక్కుదాం. ఫొటో తీయించుకోకుండా.

ఆగస్టు 15న ఊరి బడిలో, లీవులో వచ్చిన జవానును కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. తర్వాత అరగంట మనమే మాట్లాడతాం. ఈసారి జెండా వందనం అయ్యాక ఆయన పక్కన టీ గ్లాసుతో కూర్చోండి. లీవు ఎన్నిసార్లు వాయిదా పడింది, కాళ్లకు ఏం వేసుకుంటున్నావు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడగండి. ముందు ‘అంతా బాగానే ఉందన్నా’ అంటాడు. లేవకండి, ఇంకాసేపు కూర్చోండి.